ఎస్తేరక్క ల్యాప్‌టాప్‌కు ఎక్కని విండోస్

ఊరిగాం చర్చి గంట మీద ఒట్టు, మా అమ్మ వదిలిపోయిన కుట్టుమిషను మీద ఒట్టు, అవీ చాలకపోతే నా రెండు కళ్ల మీద ఒట్టు: ఇక్కడ రాస్తున్న ప్రతి ముక్కా నిజం. ఇన్ని ఒట్లు ఎవరడిగారని మీరు అనుకోవచ్చు. నన్ను ఎరిగినవాళ్లయితే ఇంకో రెండు అడుగుతారు. మా ఎస్తేరక్క చిన్నప్పటి నుంచీ నన్ను పిలిచేదే 'ఒట్టు శామూ' అని. బడికి ఆలస్యమైన ఒకరోజు, మూసేసిన గని షాఫ్టులోంచి చిరుతపులి బయటికొచ్చి దారికి అడ్డంగా పడుకుందని చెప్పినవాణ్ణి నేనే. హెడ్మాస్టరు అది నమ్మి బడికి సెలవిచ్చేస్తే అది ఆయన మంచితనం, నాకేం సంబంధం. ఇది అలాంటి కథ కాదు. ఇందులో పులి లేదు. ఒక ల్యాప్‌టాప్, దానికి ఎక్కనని మొండికేసిన ఒక పాత విండోస్, అది ఎక్కితే చాలునని కాచుకున్న ఒక ఇల్లు, అంతే.

పోయిన వానల్లో, మేము పెరిగిన, గని కార్మికులకు కట్టిన లైను ఇంటికి పైకప్పు రేకులు మార్పించడానికి వెళ్లాను. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. పెరట్లో జామచెట్టు కొమ్మకు తుప్పుపట్టిన తీగతో వేలాడుతూ ఒక సీడీ కనిపించింది. వెండిపూత సగం ఊడిపోయి, దాని గుండా అవతలి ఆకాశం కనబడుతోంది. మిగిలిన సగం మీద మార్కరుతో నేను రాసిన అక్షరాలు వెలిసినా చదవొచ్చు: 'ఇదే చివరిది'. అది చివరిది కాదు. దాని తర్వాత 'నిజంగా చివరిది' అని ఒకటి, 'ఒట్టు, ఇదే చివరిది' అని ఇంకొకటి రాశాను. పనికిరాకుండా పోయినవాటినల్లా మా నాయన జామకాయలు తినే చిలకల్ని బెదరగొట్టడానికి చెట్టుకు కట్టించేవాడు. చిలకలు బెదిరింది లేదు. ఒకటైతే అందులో తన మొహం చూసుకుంటూ కాయ తినేది. కానీ ఎండ పడితే ఆ మెరుపులు ఇంట్లోకొచ్చి గోడ మీద తిరిగేవి, వాకిట్లో కూర్చున్న నాయన వాటిని చూస్తూ పొద్దుపుచ్చేవాడు.

నాయన భూమి కింద డ్రిల్లింగు పని చేసినవాడు. గని మూతబడినా అందులోని రాతిధూళి ఆయన ఛాతీలో ఉండిపోయింది. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి కుర్చీలో కూర్చుని, ముందు స్టూలు మీద తలగడ వేసుకుని, దాని మీద చేతులాన్చి నిద్రపోయేవాడు. సైరను మోగడం ఆగిపోయి ఏళ్లయినా సైరను వేళకే లేచేవాడు. వేణ్ణీళ్లతో మొహం కడుక్కుని, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షిఫ్టుకు పోయేవాడిలా తయారై వాకిట్లో కూర్చునేవాడు. మా ఇంటి వాసన ఏదని ఎవరైనా అడిగితే నేను వెంటనే చెప్పగలను: నీలగిరి తైలం, బూట్ల పాలిష్, కిరోసిన్ స్టవ్వు మీద అక్క గెలికే రాగిసంగటి. గాలి మళ్లిన రోజుల్లో వీటి మీదికి బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బల నుంచి తెల్లటి దుమ్ము వచ్చి పడేది. అక్క గిన్నెల మీద గుడ్డలు కప్పేది. నాయన మూతికి తువ్వాలు కట్టుకుని, "ఇంగ దీనికి నా దగ్గర చోటు లేదు, వేరే ఇల్లు చూసుకోమను" అనేవాడు. ఎలా ఉందని ఎవరు పలకరించినా ఒకటే జవాబు: "నాకేం లేదప్పా, బాగుండాను." ఆ మాట పూర్తయ్యేలోపు దగ్గు వచ్చేది.

గనిలో ఒక పద్ధతి ఉండేది. దిగేవాడు తన ఇత్తడి టోకెను బోర్డుకు తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క టోకెను మిగిలినా షిఫ్టు ముగిసినట్టు కాదు, మనుషులు మళ్లీ కిందికి దిగి వెదకాలి. నాయన ఈ పద్ధతిని ఇంటికి తెచ్చాడు. తలుపు పక్కన గోడకు మేకులు కొట్టి, బయటికి పోయేవాళ్లు ఏదో ఒకటి తగిలించి పొమ్మన్నాడు. అక్క తన దువ్వెన తగిలించేది, నేను నా పాత బడి బెల్టు. అవి మేకులు దిగేదాకా ఆయన కంచం ముందు కూర్చోడు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇది ముద్దుగానే ఉండేది. అమ్మ పోయాక, అక్క బెంగుళూరులో ఒక ఆఫీసులో గుమాస్తా పనికి కుదిరాక, అదే పెద్ద చిక్కయింది. మారికుప్పంలో తెల్లవారకముందే రైలుబండెక్కితే ఆమె ఇల్లు చేరేసరికి చీకటి పడేది. నేను కోలారు దగ్గర తమకలో కంప్యూటర్లు బాగుచేసే ఒక కొట్టులో పనికి పోయేవాణ్ణి. బండి ఆలస్యమైతే నాయన భోజనమూ ఆలస్యం. పక్కింటి రోజ్‌మేరీ ఆంటీ మధ్యాహ్నం వచ్చి చూసిపోయేది, కంచం పెట్టేది, కానీ ఆయన తినేవాడు కాదు. "పిలకాయలు ఇంకా పైకి రాలేదమ్మా" అనేవాడట.

అలాంటప్పుడు అక్కకు ఒక దారి కనిపించింది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు రికార్డయి వస్తే, చెవిలో పెట్టుకుని విని టైపు చేసే పని. పరీక్ష నెగ్గితే ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. సెలవు రోజుల్లో ఆ శిక్షణ కూడా పూర్తి చేసింది. చేతులు టైపు చేస్తుంటే మాటల్ని ఆపడానికి, వెనక్కి తిప్పడానికి కాలి కింద ఒక పెడల్ ఉండేది. అమ్మ కుట్టుమిషను తొక్కి పెరిగిన పిల్ల కాబట్టి అక్కకు అది వెంటనే పట్టుబడింది. ఆ కంపెనీ వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. వాళ్ల ప్రోగ్రామూ పెడలూ పాత విండోస్ మీదే నడుస్తాయి, ఆ నెల చివరి సోమవారానికల్లా ఇంట్లోంచే పరీక్ష పూర్తి చేయాలి. మా కొట్టు యజమాని మునిరత్నం అన్న వాయిదాల మీద ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఉన్నదేమో కొత్త విండోస్.

"అదెంతసేపు పనిలే అక్కా," అన్నాను. "కొత్తదాన్ని తుడిచేసి పాతది ఎక్కిస్తాను. నువ్వు టీ పెట్టు, తాగేలోపల అయిపోతాది. ఒట్టు."

"ఒట్టు వద్దులేరా," అంది అక్క. "ఒట్టేస్తే భయమయితాది."

టీ తాగాం. పాత డిస్కు తిరిగి తిరిగి, తెర మీద ఒక మాట రాసింది: ఈ కంప్యూటరులో హార్డ్ డిస్కు ఏదీ కనబడలేదు, బయటికి పోవడానికి ఫలానా మీట నొక్కండి. ఎదురుగా హార్డ్ డిస్కు గుర్రుమంటూనే ఉంది. నాయన కుర్చీలోంచి మెడ చాచి, "ఏమంటాది?" అన్నాడు. "లోపల ఎవురూ లేరు, పొమ్మంటా ఉండాది నాయనా" అన్నాను. "తలుపు కొట్టినావా సరిగా?" అన్నాడు ఆయన. విషయం నిజానికి అదే. ఆ పాత డిస్కు తయారైనప్పుడు ఈ కొత్తరకం హార్డ్ డిస్కులు లేవు. దీన్ని ఇలా పలకరించాలి అని నేర్పే చిన్న ఫైలు ఒకటి కావాలి. దాన్నే డ్రైవరు అంటారు. మునుపైతే ఆ ఫైలును ఫ్లాపీలో వేసి మధ్యలో అందించేవాళ్లం. ఈ ల్యాప్‌టాప్‌కు ఫ్లాపీ పెట్టే చోటే లేదు. కాబట్టి ఆ డ్రైవరును విండోస్ డిస్కులోనే కలిపి కొత్త డిస్కు తయారు చేయాలి.

మొదటి డిస్కు కొట్టులో తయారు చేసి తెచ్చాను. మళ్లీ అదే మాట: హార్డ్ డిస్కు లేదు. డ్రైవరు కలిపాను గానీ, విండోస్ ఎక్కడం పూర్తయ్యాక వాడుకునే చోట కలిపాను. అది కావలసింది అసలు మొదలు కాకముందే. గనిలోకి దిగేవాడికి నెత్తి మీది దీపాన్ని, షిఫ్టు ముగించి పైకొచ్చాక చేతికిచ్చినట్టయింది. రెండో డిస్కులో ఆ తప్పు దిద్దుకున్నాను. ఈసారి హార్డ్ డిస్కు దొరికినట్టే దొరికి, తెరంతా నీలమై తెల్లటి అక్షరాలతో నిండి, యంత్రం బిగుసుకుపోయింది. జాబితాలో ఒకే కంపెనీవి చాలా డ్రైవర్లుంటే నేను పైనున్నదాన్ని తీసి పెట్టాను. అది వేరే యంత్రాలది. ఆ రెండు డిస్కులూ జామచెట్టెక్కాయి.

అప్పుడు నేనొక పని చేశాను. మా లైన్లలో పెరిగినవాడు తప్ప ఇంకెవడూ చేయడు. ఏ డ్రైవరు కావాలో తేల్చుకునే బదులు, ఒక్కదాన్నీ వదలకుండా అన్నింటినీ డిస్కులోకి ఎక్కించాను. హార్డ్ డిస్కువి, సౌండువి, నెట్‌వర్కువి, ఆ కొట్టులో దొరికిన ప్రతిదీ. వదిలేసిన ఒక్కటే కావలసిందయితే? జాబితాలో ఒక్కో పేరు పక్కన టిక్కు పెడుతుంటే నాయన టోకెన్ల బోర్డు చూసుకున్నట్టే ఉండింది. ఎవరూ కింద మిగిలిపోలేదని తేలాకే నా మనసు కుదుటపడింది. దాని మీద 'ఇదే చివరిది' అని రాసి, ఆదివారం చర్చి నుంచి రాగానే ల్యాప్‌టాప్‌లో పెట్టాను.

హార్డ్ డిస్కు కనిపించింది. కొత్త విండోస్ ఉన్న భాగాన్ని ముందుజాగ్రత్తగా తుడవకుండా పక్కభాగం చూపించాను, ఫైళ్లు ఒక్కొక్కటే ఎక్కడం మొదలైంది. అక్క చీర కూడా మార్చుకోకుండా పక్కన నిలబడింది. సరిగ్గా అప్పుడు నేల కదిలింది. మా ఊరి కింద ఖాళీగా వదిలేసిన సొరంగాల్లో ఎక్కడో రాయి కూలితే ఇళ్లు ఊగుతాయి. బయటివాళ్లు భూకంపమని పరుగెడతారు, మేము గ్లాసు పట్టుకుంటాం. అలమరలోని గిన్నెలు గణగణమన్నాయి, తట్టలోని టమోటాలు దొర్లాయి, ల్యాప్‌టాప్ బల్ల మీద ఒక బెత్తెడు జరిగింది. "చాంపియన్ గని వైపు," అన్నాడు నాయన కళ్లు తెరవకుండా, వాన ఏ దిక్కున పడుతోందో చెప్పినట్టు. నేల నిలిచేసరికి తెర మీద ఒక కొత్త మాట: ఫలానా ఫైలు కాపీ చేయలేకపోయాను, మళ్లీ ప్రయత్నించాలంటే ఈ మీట, వదిలేయాలంటే ఆ మీట.

"ఊపుకు డిస్కు అదిరిపోయిందక్కా," అన్నాను. "చూడు, దీని మీద నీళ్లలో రాయేసినట్టు వలయాలు పడినాయి. ఒట్టు."

"నువ్వు చేసిన పనికి భూమిని తిట్టద్దురా," అంది అక్క. ఆ మాట నవ్వుతూ అనలేదు. "నేను రేపు మళ్లీ బండెక్కాల. ఈ మనిషిని చూడు. రాత్రంతా కూర్చునే ఉండాడు. ఇంగ ఎన్ని దినాలు నేను యాడో బంగారుపేటలో బండి నిలబడిపోయిందని కూర్చోవాల, ఈయన ఇక్కడ తినకుండా కూర్చోవాల?"

"నాకేం లేదమ్మా," అన్నాడు నాయన. దగ్గు తెర అందుకుంది. అది ఆగడం లేదు. అక్క వీపు రాస్తూ, నేను తైలం వేసిన వేణ్ణీళ్ల గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం. వెనక బల్ల మీద తెర తన ప్రశ్న అడుగుతూనే ఉంది.

సోమవారం కొట్టులో మునిరత్నం అన్నకు జరిగిందంతా చెప్పాను, నేల ఊపుతో సహా. ఆయన ఒక మదర్‌బోర్డు మీది దుమ్ము బ్రష్షుతో దులుపుతూ విన్నాడు.

"ఎన్ని డ్రైవర్లు పెట్టినావప్పా?"

"అన్నీ పెట్టినానన్నా. ఒకటీ వదల్లేదు."

"పెండ్లికి పిలిచినట్టు ఊరందరినీ పిలిచినావు. వాళ్లల్లో ఒకే పేరుండేవాళ్లు ఇద్దరొచ్చింటారు. రెండోవాడు మొదటివాని కుర్చీలో కూర్చోనుంటాడు. ఇంగ వడ్డించేవాడు ఏం చేస్తాడు?" బ్రష్షు పక్కన పెట్టాడు. "ఆ ల్యాప్‌టాప్‌లో కొత్త విండోస్ ఇంకా ఉండాది కదా? దాంట్లోకి పోయి ఆ హార్డ్ డిస్కును నడిపే చిప్పు నంబరు రాసుకోని రా. ముందు అదెవురో అడుగు. దానికి కావల్సిన ఒక్కదాన్నే పెట్టు. మిగిలినవాళ్లను ఇండ్లకు పంపించు."

నిజంగానే, ఒకే డ్రైవరు రెండు వయసులవి వచ్చి, ఒకే పేరున్న ఫైళ్లు ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. మంగళవారం ఆ నంబరు రాసుకుని తెచ్చాను. బుధవారం కొట్టులో, చీమలా నడిచే ఇంటర్నెట్‌లో ఆ ఒక్క డ్రైవరును దింపుకున్నాను. మిగిలినవాటి పక్కనున్న టిక్కుల్ని తీసేసే ముందు ఒక్కో పేరూ రెండేసిసార్లు చదివాను. 'నిజంగా చివరిది' అని రాసిన డిస్కు, ఫైళ్లు దాని మీదికి ఎక్కుతుండగా మధ్యలో చెడిపోయింది. ఇంకోటి చేశాను.

శనివారం మధ్యాహ్నం అది తిరిగింది. హార్డ్ డిస్కు పేరు తెర మీదికొచ్చింది. ఫైళ్లు ఎక్కుతూ, ఎక్కుతూ, పోయిన ఆదివారం ఆగిన చోటు దాటిపోయాయి. యంత్రం ఆగి మళ్లీ లేచింది. ఆకుపచ్చ కొండ, నీలాకాశం బొమ్మతో తెర తెరుచుకుంది. సౌండు డ్రైవరు విడిగా వేశాను. కంపెనీ ప్రోగ్రాము వేశాను. అక్క పెడల్ మీద కాలు పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్ గొట్టాలు పెట్టుకుని, పరీక్షకు ముందు సాధన కోసం ఇచ్చిన ఫైలును నడిపింది. ఆమె కాలు కిందికి పోవడం, వేళ్లు కదలడం, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పుట్టడం నాయన తలగడ మీంచి చూస్తున్నాడు.

"నాకూ పెట్టమ్మా," అన్నాడు. "ఏం చెప్తారో విందాము."

అక్క ఒక గొట్టం తీసి, కొంగుతో తుడిచి, ఆయన కుడి చెవిలో పెట్టింది. పెడల్ తొక్కింది. ఆయన కళ్లు మూసుకుని, షాఫ్టు అడుగునుంచి వచ్చే శబ్దం విన్నట్టు విన్నాడు.

"నిదానంగా చెప్తా ఉండాడే దొర. ఎవురి గురించి?"

"అమెరికాలో యాడో ఒక ముసలాయన గురించి నాయనా. ఛాతీ పరీక్ష చేసినారంట. ఆయన దగ్గు లేదంటా ఉండాడంట."

"డాక్టరు నమ్మినాడా?"

"నమ్మినాడో లేదో చెప్పడు. లేదంటా ఉండాడు అని మాత్రం రాసుకుంటాడు. మేమూ అట్లనే టైపు చెయ్యాల."

నాయన కాసేపు ఆ గొంతునే విన్నాడు. "అబద్ధం చెప్తా ఉండాడు ముసలోడు," అన్నాడు. "నాకు తెలుసు." ఆపైన నవ్వాడు, దగ్గాడు, ఆ గొట్టాన్ని తీయనివ్వలేదు. ఆ పూట అందరమూ ఇంట్లోనే ఉన్నాం. ఆయన సంగటి ముద్ద మొత్తం తిన్నాడు.

ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో నాకు సొంత కొట్టుంది. ఈ రోజుల్లో విండోస్ ఎక్కించడం అసలు పనే కాదు. మీట నొక్కి టీకి పోయి వస్తే, కావలసిన డ్రైవర్లను అదే ఇంటర్నెట్‌లో వెదుక్కుని వేసుకుని కూర్చుంటుంది. హార్డ్ డిస్కు లేదు పొమ్మనే తెర చూసి ఎన్నాళ్లయిందో. డాక్టర్ల మాటల్ని టైపు చేయడానికి కూడా ఇప్పుడు మనిషి అక్కర్లేదట, కంప్యూటరే విని రాసేస్తుందట. అక్క చేతిలోంచి ఆ పని జారిపోయింది అలాగే. ఇప్పుడామె పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. నాకు ఈ కొత్త యంత్రాల మీద కోపమేమీ లేదు, కడుపు నింపుతున్నాయి. కానీ అప్పుడు ఒక్క ఫైలు కోసం వారాలు పట్టిన పని ఇప్పుడు టీ తాగేలోపల అయిపోతుంటే, ఆ కొన్ని రోజుల్ని ఎవరో మాకు ఇవ్వకుండా దాచుకున్నారేమో అనిపిస్తుంది. ఎవరినడగాలో తెలియదు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక చోట కల్పించాను. మీరు నేల ఊగిన చోటనుకుంటారు. కాదు, నేల నిజంగానే ఊగింది, టమోటాలు నేనే ఏరాను. డిస్కు మీద వలయాలు మాత్రం లేవు, కానీ అది అక్కతో చెప్పిన అబద్ధం, మీతో కాదు. చివరి డిస్కు శనివారం పనిచేసిన మాటా నిజమే. ఆ శనివారం నాయన లేడు. బుధవారం ఆ డ్రైవరు దిగుతుండగా కొట్టుకు రోజ్‌మేరీ ఆంటీ ఫోను చేసింది. నేను తమక నుంచి బస్సులో, అక్క బెంగుళూరు నుంచి బండిలో వచ్చి చేరేసరికి ఆయనను కుర్చీలోంచి దింపి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆయన పడుకుని ఉండటం అన్నేళ్ల తర్వాత అప్పుడే చూశాను. గురువారం సమాధి చేశాం. శుక్రవారం నేను డిస్కు చేశాను, ఎందుకు చేస్తున్నావని అక్క అడగలేదు. శనివారం అది ఎక్కింది, సోమవారం ఆమె పరీక్ష రాసి నెగ్గింది. దగ్గు లేదన్న ఆ అమెరికా ముసలాయన నిజంగానే ఆ ఫైల్లో ఉన్నాడు. అక్క ఒక్కతే విని టైపు చేసింది.

పోయిన ఆదివారం ఈ కాగితాలు ఆమెకు చదవమని ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని, పులి దగ్గర మూతి విరిచి, ఒక్కో పేజీ తిప్పింది. ఆ శనివారం దగ్గర ఆగిపోయింది. దాన్ని కొట్టేయమంటుందని కలం చేతిలోనే పట్టుకున్నాను.

"ఎడమ చెవిలో పెట్టినానని రాసినావే," అంది. "ఆయనకు ఎడమ చెవి యాడ వినపడుతుందిరా. బ్లాస్టింగులోనే పోయింది కదా. కుడి చెవి అని రాయి."

మార్చాను.